యాభై ఒకటో పేజీ మీది ముద్ర

కాలేజీ లైబ్రేరియన్‌ను పిల్లలు ‘ఉష్ మేడం’ అంటారు. నోటి మీద వేలేసుకునే పుట్టిందని వాళ్ళ వేళాకోళం. పాపం, ఆవిడ నోరు మూయించేది తన భయాన్నే. తలుపు గట్టిగా పడితే చాలు, ఉలిక్కిపడే మనిషి.

అధికారంలో ఉన్న పార్టీ చరిత్ర మీద షాపువాళ్ళు రెండు పుస్తకాలు పంపారు. నచ్చింది ఉంచుకుని రెండోది వెనక్కి పంపాలి. లావుపాటిది సభలనూ తీర్మానాలనూ పూసగుచ్చినట్టు చెబుతుంది, ఎవరు ఎవరిని తొక్కి పైకొచ్చారో మాత్రం చెప్పదు. సన్నటిదంతా చీలికల గొడవే. వ్యాసం రాయడానికి అదే కావాలని, ఆ కాలేజీలోనే చదువుతున్న కూతురు ప్రాణం తీస్తోంది. ఎందుకొచ్చిన తంటా, లావుపాటిదే క్షేమమని ఆవిడ తేల్చుకుంది.

కాని చెయ్యి ఊరుకోదు కదా. కొత్త పుస్తకం కనబడితే మొదటి పేజీ మీదా, దొంగలు దాన్ని చింపేసినా దొరికిపోయేలా యాభై ఒకటో పేజీ మీదా ముద్ర వేయడం ఏళ్ళనాటి అలవాటు. టీ తాగుతూ పరధ్యానంగా సన్నటిదానికి రెండు ముద్రలూ కొట్టేసింది. ముద్ర పడ్డ పుస్తకాన్ని షాపువాళ్ళు తీసుకోరు. సిరా ఆరాలని ఊదుతుంటే ముద్ర పక్కనే ఒక పేరు కనిపించింది. కాలేజీ కమిటీ అధ్యక్షుడిది. పార్టీ చీలిన రోజు ఆఫీసు తాళాలు అవతలివాళ్ళ చేతికిచ్చింది ఆయనేనట.

ఆయన ఒక్క మాటంటే ఉద్యోగం ఊడుతుంది. కూతురి చదువూ దానితోనే పోతుంది.

సాయంత్రం ఆయనే వచ్చాడు.

“పార్టీ మీద రెండు పుస్తకాలొచ్చాయటగా, ఏది ఉంచావమ్మా?”

ఆయన సన్నటిది అందుకుని, చివర ఉన్న పేర్ల పట్టికలో తన పేరు వెతుక్కుని, ఆ పేజీ తీశాడు.

“నా పేరు పక్కనే గుర్తు పెట్టావే.”

“లేదు సార్. ఏ పుస్తకానికైనా ఆ పేజీ మీదే వేస్తాం.” అరలోంచి నాలుగైదు పుస్తకాలు లాగి చూపించింది.

ఆయన అన్నీ చూశాడు. “ఆ లావుపాటి దాంట్లో నేనున్నానా?”

“లేరు సార్.”

“ఎక్కడా?”

“ఎక్కడా లేరు.”

ఆయన తన పేరున్న పేజీ మళ్ళీ చూసుకున్నాడు. “అయితే ఇదే ఉంచు” అన్నాడు చివరికి. బతుకు జీవుడా అనుకుంది ఆవిడ. గుమ్మం దాకా వెళ్ళిన మనిషి ఆగాడు. “దీన్ని ఎవరెవరు తీసుకెళ్తున్నారో మాత్రం నాకు చెబుతూ ఉండమ్మా.”

మర్నాడు ఆ పుస్తకాన్ని అన్నిటికన్నా కింది అరలో పెట్టి, ఎవరి కంటా పడకూడదని మొక్కుకుంది. లేచి తిరిగేసరికి వెనక కూతురు నిలబడి ఉంది.

“నాకోసమే ఉంచావు కదమ్మా” అంటూ వంగి ఆ పుస్తకం తీసుకుంది.