కుట్లు విప్పిన పడవ

నా చిన్నప్పుడు మా వాడలో పడవలకు మేకులు ఉండేవి కావు. నవ్వకు, రాసుకో. చెక్కకు చెక్క ఆనించి, అంచు పొడుగునా బెజ్జాలు పెట్టి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, పాత చీరలు కలిపి బొంత కుట్టినట్టు. నీళ్లు కారకుండా కుట్టు కింద ఎండుగడ్డి కుక్కేవారు. ఒడ్డు దగ్గర కెరటం ఎత్తి కొడితే మేకులేసిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ ఒళ్లు వంచి ఊరుకుంటుంది. మా తాతయ్య, అంటే మా అమ్మ వాళ్ల నాన్న, అలాంటి పడవలు కుట్టేవాడు. ఇప్పుడు ఔటర్ హార్బర్ కట్టేశారు చూడు, దానికి ఈవల ఇసకలోనే ఉండేది మా వాడ. మా గుమ్మంలోంచి చూస్తే డాల్ఫిన్ నోస్ కొండ నీళ్లు తాగడానికి వంగిన ఎద్దులా ఉండేది.

వాడంతా గంగమ్మను కొలిచేవాళ్లే. ప్రభువును నమ్ముకుని ప్రార్థన మందిరానికి వెళ్లేవి మావి మూడు నాలుగిళ్లు. వాళ్ల పండక్కి వాళ్లు మాకు పెట్టేవారు, క్రిస్మస్‌కి మేం వాళ్లకు పెట్టేవాళ్లం. కుళాయి దగ్గర తిట్టుకోవడంలోనూ మతం అడ్డొచ్చేది కాదు. ఆ తిట్లలో మా అమ్మను కొట్టేవాళ్లు లేరు. మంచి మనిషే, నోరు మాత్రం నోరు కాదు. బిందె వరస తప్పిందంటే పక్కింటి అత్తను ఏడు తరాల వరకూ దులిపేసేది. ఆ అత్త తక్కువ తిన్నదా, ఎనిమిదో తరం నుంచి అందుకునేది.

ఆ ఏడు వానల్లో మా అమ్మ జ్వరంతో పోయింది. నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో.

తర్వాత కొన్నాళ్లకు మందిరంలో పదిరోజుల సభలు పెట్టారు. పైఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ఆయన తప్పేమీ చెప్పలేదు, ఆ సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. ప్రభువును నమ్ముకున్నవాళ్లు కూడా ఆఖరున ఆయన ముందు నిలబడాలనీ, ఎవరు బతుకంతా ఏం కట్టుకున్నారో అది నిప్పులో పెట్టి చూస్తారనీ, గడ్డితో కట్టింది కాలిపోతుందనీ, బంగారంతో కట్టింది నిలుస్తుందనీ చెప్పాడు. ఆ తర్వాత ఇంకా చాలా చెప్పే ఉంటాడు. నా చెవిన నిప్పొక్కటే పడింది. కళ్లు మూసుకుంటే మా అమ్మ కుళాయి దగ్గర చేతులు తిప్పుతూ కనిపించేది. ఆమె తిట్టిన తిట్లన్నీ చుట్టూ గడ్డిమోపుల్లా పేరుకుని ఉండేవి. ఎవరో అగ్గిపుల్ల గీసేవారు.

అప్పటినుంచి నాకు ముద్ద దిగేది కాదు. పొయ్యి రాజేసే వేళకు ఇంట్లోంచి పారిపోయేదాన్ని. దిష్టి తగిలిందన్నారు, తల్లి మీద బెంగ అన్నారు. చివరికి ఒకరోజు తాతయ్య తాడు పేనుకుంటూ ఉంటే వెనక నుంచి వెళ్లి అడిగేశాను.

"తాతా, అమ్మ కాలిపోద్దా?"

తాతయ్య పేనుతున్న తాడు కింద పెట్టాడు. ఎవరు చెప్పారే అని గద్దించలేదు, ఊరుకో అని బుజ్జగించనూ లేదు. కూతురు పోయిన తండ్రి ఆయన, అది నాకప్పుడు తట్టలేదు. "రేపు పడవ ఇప్పుతన్నాను. నువ్వూ రా" అన్నాడు.

కుట్టిన పడవను ఏడాదికో రెండేళ్లకో విప్పి మళ్లీ కుట్టుకోవాలి. ఉప్పునీటికి తాడు చివికిపోతుంది, గడ్డి కుళ్లిపోతుంది. కుట్టడం నేను ఎన్నోసార్లు చూశాను గానీ, విప్పే చోటికి పిల్లల్ని రానిచ్చేవారు కాదు, పదును కత్తులుంటాయని. ఆ విప్పే పడవ మా సొంతది. దాని కుట్ల కింద గడ్డి కుక్కింది మా అమ్మే. అందుకని నాకది అమ్మ పడవ.

పొద్దున్నే వెళ్లేసరికి తాతయ్యా, ఇంకో ఇద్దరూ కుట్లు కోస్తున్నారు. నల్లగా కుళ్లిన గడ్డిని గుప్పిళ్లతో పీకి పడవ పక్కనే కుప్ప వేస్తున్నారు. కుప్ప పెద్దదయ్యాక తాతయ్య దానికి నిప్పు పెట్టాడు. గుప్పున పొగ లేచింది. పొగలో నాకు పడవ కనపడలేదు. అంతే, నాకు ఒళ్లు తెలియలేదు. అక్కడున్న గంజి కుండ ఖాళీచేసి, కెరటంలోకి పరిగెత్తి నీళ్లు ముంచుకొచ్చి ఆ నిప్పు మీద కుమ్మరించేశాను. సగం తాతయ్య మీద పడ్డాయి, మంట ఆరనే లేదు.

"ఒలే గుంటా! ఏటి సేత్తన్నావే!"

"గంజంతా పారబోసీసినాది, ఇంక మద్దేనం ఏటి తాగుతాం?"

మగాళ్లిద్దరూ పొగకు దగ్గుతూనే నవ్వుతున్నారు. వాళ్లకు అంబలి తెస్తున్న పక్కింటి అత్త దూరం నుంచే కేకేసింది. "అచ్చం వాల్లమ్మే! అదీ ఇంతే, ముందు నీల్లు పోసీసి తరవాత ఏటని అడిగీది!"

తాతయ్య నవ్వలేదు. మొహం తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని పొగ అవతలికి తీసుకెళ్లాడు. అక్కడ ఇసకలో విప్పిన చెక్కలన్నీ వరసగా పరిచి ఉన్నాయి.

"పడవ కాలిపోతందనుకున్నావా? పడవ ఇదిగో. కాలతన్నది కుల్లిన గడ్డి."

తర్వాత ఒక్కొక్క చెక్కనూ వేలి కణుపుతో కొట్టి చూపించాడు. గట్టి చెక్క ఖంగుమనేది. మెత్తబడిన చెక్క పలికేది కాదు. అలాంటి దాన్ని తీసి మంటలో పడేశాడు. పడేసేటప్పుడు ఆయన మొహం చిన్నబోయింది. తను చెక్కిన చెక్కే కదా.

"ఈ పడవ ఎవులిది?"

"మనది."

"మనది గాబట్టే ఇప్పినాను. పరాయోడి పడవ నానెందుకు ఇప్పుతాను? మనదా కాదా అని తేల్చడానికి కాదమ్మా ఈ నిప్పు. ఆ మాట ఎప్పుడో తేలిపోనాది. మీయమ్మను ప్రభువు తన పానం పెట్టి కొనుక్కున్నాడు. కొనుక్కున్నదాన్ని కాల్చుకుంటాడేటి?"

"మరి తిట్లో?"

తాతయ్య ఇంకో చెక్క మీదికి వంగి కొట్టి చూస్తున్నాడు. ఈలోగా పక్కింటి అత్త అంబలి కుండ దించి, గంప బోర్లించి దానిమీద కూర్చుంది. నేను తిన్నగా ఆమె దగ్గరికే వెళ్లాను.

"అత్తా, మాయమ్మ నిన్ను తిట్టీది గదా. నీకు కోపం నేదా?"

"కోపం నేకేటి! ఇప్పుడు పిలు, ఇక్కడే తేల్చుకుంటాను." అని, గరిటెతో అంబలి కలిపింది. "మా గుంటడు పుట్టినప్పుడు నాకు పాలు పడనేదు. మీయమ్మ రోజూ వచ్చీది. నువ్వో పక్క, ఆడో పక్క. నన్ను తిడతా తిడతానే ఆడికి పాలిచ్చీది. నీ పాడు మొకం సూడనేక సస్తన్నానే అనీది, ఆడి కడుపు నిండీదాకా కదిలీది కాదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు కుళాయికాడ నన్ను తిట్టీవోలే నేరు."

తాతయ్య లేచాడు. చెక్క అంచుకు అంటుకున్న గడ్డి ఇంకో గుప్పెడు పీకి మంటలో వేశాడు. "తిట్లు" అన్నాడు. వంగి, పెద్ద చెక్కను కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. "పాలు."

నేను ఆ గంప పక్కనే కూర్చుని రెండు గిన్నెల అంబలి తాగాను. సాయంత్రం తాతయ్య సభకు వెళ్లి ముందు వరసలో కూర్చుని, ఆ ప్రసంగీకుడు నిప్పు మాట ఎత్తినప్పుడల్లా ఆమెన్ అన్నాడు. ఈసారి ఆయన పక్కనే నేనూ అన్నాను. అక్షరం ముక్క రాని మనిషి అంత పెద్ద సంగతిని నా గుప్పిట్లో పట్టేంత చేసి ఎలా పెట్టాడా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. అదీ కూతురు పోయిన దుఃఖం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు.

మీ నాన్నకు స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చిన కొత్తలో ఇంట్లోవాళ్లను లోపలికి తీసుకెళ్లి చూపించారు. కరిగిన ఇనుము కాలవలా పారుతుంటే, దానిమీద తేలిన పనికిరాని చిట్టెం పక్కకు పోతోంది. మీ అమ్మ బెదిరిపోయి నా చెయ్యి పట్టుకుంది. నాకు భయం వెయ్యలేదు. తాతయ్య వాళ్లు కుట్లు కోస్తున్నట్టే అనిపించింది.

ఇప్పుడు నా వంతు దగ్గర పడింది. ఒడ్డుకు లాగేవాడు లాగుతాడు, విప్పుతాడు. నాలో గడ్డి చాలానే ఉంది, అమ్మ పోలిక ఎక్కడికి పోతుంది. కాలుతుంటే సిగ్గుగానే ఉంటుంది. అయినా ఆయన పడవనే కదా. అందుకే పడుకోబోయే ముందు మంచం పట్టెను కణుపుతో ఓసారి కొట్టుకుంటాను. ఎందుకు నాన్నమ్మా అని అడుగుతావు కదా, ఇందుకే.

ఏమిటీ, ఇందాక పాలు పొంగించేసిందని మీ అమ్మమీద అరిచాను, అది కూడా రాయనా అంటావా? రాసుకో, కాలిపోయేదేగా. ఇంక ఆ పెన్ను పక్కన పెట్టి లే. మీ అమ్మ పొద్దుటినుంచి నిలబడే ఉంది, ఓ గ్లాసు టీ పెట్టి ఇద్దాం పద.