కాగితం వెనక పన్నెండో పేరు

మా సిమెంటు ఫ్యాక్టరీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు నన్ను కోచ్‌గా కడపలో వేసింది ఎనిమిదేళ్ల కిందట, జూన్ నెలలో. అంతకుముందు ఫ్యాక్టరీ మగవాళ్ల జట్టులో ఆడేవాడిని, ఆడినందుకే జీతం. మోకాలు చెడిపోయాక నన్ను ఏం చేసుకోవాలో తెలియక కోచ్‌ను చేశారు. చదివింది ఐదో తరగతి. రాయడం ఇదే మొదలు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

ఆ ఏడాది జోన్ ఫైనల్ చూడటానికి రాష్ట్ర జూనియర్ జట్టును ఎంపిక చేసేవాళ్లు వచ్చారు. మా జట్టులో అందరికన్నా పొడుగు షబానా, కమలాపురం పిల్ల. వయసు లెక్కన జూనియర్ ఆటకు ఆమెకు అదే ఆఖరి ఏడాది.

నేనేమో పెద్ద తెలివి చూపించాను. ఆమెను మొదట దించకుండా దాచి, అవతలి జట్టు అలసిపోయాక వదలాలనుకున్నాను. ఆమెకూ అదే చెప్పాను.

కోచ్ రాసిచ్చిన జాబితా చూసి స్కోరర్ పేర్లను స్కోర్‌షీట్‌లోకి ఎక్కిస్తాడు. మ్యాచ్‌కు పది నిమిషాల ముందు కోచ్ ఆ షీట్‌లో పేర్లు, నెంబర్లు సరిచూసి, మొదట దిగే ఐదుగురికి గుర్తు పెట్టి, సంతకం చేయాలి. ఆట మొదలయ్యాక కొత్త పేరు చేర్చరు. నేను ఐదు గుర్తులూ పెట్టి, ఆటోగ్రాఫ్ ఇచ్చినంత దర్జాగా సంతకం గీకేశాను.

రెండో క్వార్టర్‌లో షబానాను పంపాను. టేబుల్ దగ్గర స్కోరర్ షీట్ పైనుంచి కిందికి చూశాడు.

"పదిహేనో నెంబరు ఈడ లేదు సార్."

నేనిచ్చిన జాబితా తీసి చూస్తే సంగతి తెలిసింది. నా అక్షరాలు లావు. పదకొండు పేర్లకే కాగితం నిండిపోతే, షబానా పేరు వెనకపక్క రాశాను. స్కోరర్ కాగితం తిప్పలేదు. నేను షీట్ చదవలేదు.

రెఫరీ మీద అరిచాను. ఆయన తాపీగా షీట్ చూపించాడు.

"ఈ సంతకం ఎవరిదప్పా?"

"నాదే."

"మళ్ళ నన్నేం అడుగుతాండావు?"

షీట్‌లో పేరు లేని ఆటగత్తె బెంచీ మీద కూడా కూర్చోకూడదు. షబానా బ్యాగు భుజాన వేసుకుంది.

"నన్ను దాచిపెడతా అంటిరి కదా సార్. శానా బాగా దాచినారు, రెఫరీకి గూడా కనపడల్యా."

బెంచీ మీది పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. పోయి జనంలో కూర్చుంది.

నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. మా జట్టులో ఇద్దరిని తీసుకున్నారు. ఆడని అమ్మాయిని ఏం చూసి తీసుకుంటారు?

మరుసటి రోజు కమలాపురం పోయాను. షబానా నాయన హుసేన్ సాబ్ ఉల్లిగడ్డలు ఏరుతున్నాడు. తప్పు నాదేనని చెప్పాను. తల ఎత్తకుండా విన్నాడు.

"ఏమప్పా, ఇన్నేండ్లు ఆడినావంట. పన్నెండు పేర్లు సదవనీకి తీరలేదా నీకి?"

"సదవలేదు సాబ్. తప్పే."

"అయితే ఇంగ నువ్వు సదవాకు. మా పాపతో సదివించు."

అలాగే చేశాను. షబానా ఇంకో నాలుగేళ్లు ఫ్యాక్టరీ తరఫున సీనియర్లలో ఆడింది. రాష్ట్ర జూనియర్ జెర్సీ మాత్రం ఎన్నడూ వేసుకోలేదు. ప్రతి మ్యాచ్‌కూ నాతోపాటు టేబుల్ దగ్గరికి వచ్చి, ఒక్కో పేరు మీద వేలు పెట్టి గట్టిగా చదివి, "ఇప్పుడు పెట్టండి సార్" అనేది. అవతలి కోచ్ గొణిగేవాడు. గొణగనీ అని ఊరుకునేవాడిని. ఆమె ఆట మానేశాక ఆ పని కెప్టెన్‌కు అప్పగించాను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే: కోచ్ చదవకుండా సంతకం చేస్తే, నష్టం కోచ్‌కు రాదు.