ఆముదం తాగిన రేసు బండి

కరువు నేల మీద గర్జించిన ఒక యంత్రం ఇతిహాసం చెబుతాను. ఇందులో వేగం ఉంది, తిరుగుబాటు ఉంది, ఒక స్త్రీ పట్టిన పంతం ఉంది. చదువుతుంటే మీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నిక్కబొడుచుకోకపోతే తప్పు మీది కాదు. నిజానికి ఇది మొరాయించిన ఇంజిన్‌ను తిప్పిన సంగతి, అంతే.

కరోనా మాస్కులు ఊడిన మరుసటి వేసవిలో, ఏప్రిల్ నెలలో, నన్ను మా అనంతపురం జిల్లాలోని కళ్యాణదుర్గం పంపారు. అప్పుడు నేను బెంగళూరులో పాత కార్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో సీనియర్ ఫిట్టర్‌ని. మా దగ్గర హోదాలు మూడే: హెల్పర్, ఫిట్టర్, సీనియర్ ఫిట్టర్. ఆపైన ఓనరు. ఓనరు కావాలంటే ఆయన కడుపున పుట్టాలి. అందుకే ముప్పై ఒకటో ఏట రిటైరయ్యాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది, అది ఈ బండే.

అది ఒంటి సీటు రేసు కారు. నాలుగు చక్రాలూ బాడీకి బయటే ఉంటాయి, మడ్‌గార్డులుండవు. దాదాపు యాభై ఏళ్ల కిందట ఎవరో ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి, మామూలు సెడాన్ ఇంజిన్‌ను తెచ్చి డ్రైవరు వీపు వెనక బిగించారు. చెనక్కాయల, అంటే వేరుశనగల, మండీ యజమాని రఘునాథరెడ్డి దాన్ని మద్రాసు దగ్గర విమానాల పాత రన్‌వే మీద మూడు నాలుగేళ్లు రేసుల్లో నడిపాడు. ఆయన విదేశాలవాళ్లను ఓడించాడని కళ్యాణదుర్గంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన సాధించిన గొప్ప ఫలితం మూడో స్థానం. అదీ ముందున్న నలుగురిలో ఇద్దరు ఒకరినొకరు గుద్దుకోవడం వల్ల.

ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. కొడుకు ప్రసాద్ బండిని హైవే మీది ఒక రిసార్టుకు అమ్మడానికి మాటిచ్చాడు. గేటు పక్కన పెడతారట. మా పనిలో రెండు రకాల ఆర్డర్లుంటాయి. 'రన్నింగ్' అంటే బండి నడిచేలా చేయాలి. 'స్టాటిక్' అంటే ఇంజిన్ లోపలి భాగాలు తీసేసి, పైన రంగు వేసి బొమ్మలా నిలబెట్టాలి. నాకిచ్చింది స్టాటిక్.

షెడ్డు తలుపు దగ్గర తాళం చెవులు పట్టుకుని రఘునాథరెడ్డి భార్య లక్ష్మీదేవమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి.

"ఏమప్పా, దీన్నేం చేస్తాండావు?" అని అడిగింది. ఉన్నది చెప్పాను.

"పేగులు తీసి పౌడరు పూస్తారా?" అంది. "పెండ్లయినాక ముప్పై ఏండ్లు ఆయన వెనక తిరిగినా. దీంట్లో మాత్రం ఎక్కించుకోలే. అడిగితే ఒకటే సీటు ఉండాది అనేటోడు. ఇప్పుడు ఆ సీటు ఖాళీగా ఉండాది గదా! ఒకసారి నేను తోలాల. అంతవరకూ బండి ఈడ నుంచి కదల్దు."

కదలదన్న మాట అక్షరాలా నిజం. ఇంజిన్ తిప్పి చూస్తే గోడలా ఉంది. ఓనరుకు ఫోన్ చేశాను. సీజ్ అయిందనీ, కోసి పారేయమనీ తేల్చాడు. సీజ్ అంటే సిలిండర్‌లో పిస్టన్ పట్టేయడం. ఎక్కువసార్లు తుప్పు వల్ల అలా అవుతుంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. మా జిల్లాలో తుప్పు పట్టాలంటే ముందు వాన పడాలి కదా.

ప్లగ్గులు విప్పాను. లోపల ముదురు పాకంలాంటిది గట్టిపడి ఉంది. ఏమిటమ్మా ఇది అంటే, "ఆముదం. మన చేన్లోదే" అంది గర్వంగా. "రేసుకు ముందు ఆయన పోయిస్తాండె. ఆయన పోయినాక ఏటా ఉగాదికి నేనే పోస్తాండా."

ఆ రోజుల్లో రేసు ఇంజిన్లకు ఆముదం వాడేవారు. ఎంత వేడికీ దాని జిడ్డు పొర తెగదు. కాకపోతే అది తిరిగే ఇంజిన్‌కు మందు. ఆగిన ఇంజిన్‌లో ఏళ్ల తరబడి నిలవ ఉంటే బంక అవుతుంది. రేసులు ఆగినా ఈమె మందు ఆపలేదు. విషయం చెప్పగానే ఆమె ముఖం మాడిపోయింది.

"అంటే నేనే సంపినానా దీన్ని?"

సగం అవునన్నాను. మిగతా సగం ఏమిటంటే, ఆ బంక కిందున్న ఇనుము మచ్చలేకుండా మెరుస్తోంది.

స్పిరిట్ పోసి నానబెట్టాను. నల్ల టార్పాలిన్ కప్పి ఎండలో ఉంచాను. అనంతపురం ఎండకు బిల్లు రాదు. రోజూ పొడవాటి రాడ్డుతో, పిస్టన్లను ఆడించే క్రాంకును ఇటు కొంచెం, అటు కొంచెం ఒత్తాను. బలవంతం చేస్తే పిస్టన్ రింగులు విరుగుతాయి. వారం దాటాక వెంట్రుకంత కదిలింది. అదే రోజు ఓనరు ఫోన్ చేసి, ఆర్డరు స్టాటిక్ కాబట్టి మర్నాటికి పని ముగించాలనీ, లేకపోతే షాపుకు రానక్కర్లేదనీ అన్నాడు. వినయంగానే రానన్నాను.

"నా మొండితనానికి నీ ఉద్యోగం పాయెనే!" అంది లక్ష్మీదేవమ్మ.

"మా షాపులోనూ పైన సీటు ఒకటేలేమ్మా."

కొత్త రింగులు, మామూలు ఇంజిన్ ఆయిలు, బ్రేకులకు కొత్త రబ్బర్లు వేశాను. ఊరి బయట ఇంకా తెరవని బైపాస్ రోడ్డుకు ట్రాక్టరుతో లాక్కెళ్లాం. బయటి చక్రాల బండిలో చీర కొంగు ప్రమాదం కాబట్టి లక్ష్మీదేవమ్మ తన కొడుకు పాత ప్యాంటు, చొక్కా వేసుకుంది. ప్రసాద్ తల పట్టుకున్నాడు.

"అమ్మా, జనం నవ్వుతారు."

"మీ నాయన తోలితే రేసు, నేను తోలితే నవ్వులాటా? పక్కకు జరగరా."

ట్రాక్టరు తోలిన చేయి. క్లచ్ ఒక్కసారే తడబడింది. రోడ్డు చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చింది. ఆర్టీసీ బస్సయితే దాటుకుని పోయేది. రెండో గేరు దాటలేదు మరి. దిగి నడుం పట్టుకుని, "దీనికా ఆయన అంత బిగుసుకున్న్యాడు! వీపు కాలిపోయె" అంది. సీటు మీది దుమ్ము దులిపి, "రేపు ఇంగోసారి తోల్తా" అంది.

రిసార్టు మనిషి వచ్చినప్పుడు ఆమె లేవనైనా లేవలేదు. "బండి అమ్మేది లేదన్నా. గేటుకాడ ఏదో ఒకటి నిలబెట్టాలంటే మా ప్రసాద్‌ను తీస్కపో" అంది.

నేను నేర్చుకున్నది ఇదీ. ఇంజిన్ చచ్చిపోయిందని ఫోన్‌లో తేలిస్తే, ప్లగ్గులు విప్పి చూడకుండా నమ్మకూడదు. నడవగల బండిని బొమ్మ చేయమంటే కుదరదని చెప్పవచ్చు. చెబితే జీతం ఆగుతుంది, అంతకంటే ఏమీ జరగదు.

బండి ఇప్పుడు రన్నింగ్. రన్నింగ్ బండికి నెలకోసారి బ్యాటరీ చార్జింగ్ పెట్టాలి, ఆ పని నాది.