ఇంగ్లీషు పద్యానికి నేను రాసిన జవాబు

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాలేదు. ఇది రాస్తూ కూడా మూడుసార్లు లేచి వరండాలోకి పోయి వచ్చాను. కానీ పీయూసీ చదివిన ఏడాది నన్ను పట్టుకున్న తిక్క వేరు. దానికి కారణం మనిషైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. అది ఒక పద్యం. విక్టోరియా రాణి కాలంలో ఎవరో దొర పోయిన ప్రేమను తలచుకుని రాసుకున్న ఏడుపు.

అరవైల నడిమి మాట. మాది హోసూరు పక్కన పల్లె, రాగులూ ఉలవలూ పండించుకునే ఇల్లు. నేను కృష్ణగిరిలో గది తీసుకుని కాలేజీకి పోయేవాణ్ణి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, సంతలో కన్నడం నడిచేవి. ఇంగ్లీషు మాత్రం పుస్తకం దాటి బయటికి వచ్చేది కాదు. ఆ ఇంగ్లీషు చెప్పే లెక్చరర్ తంజావూరు వైపు నుంచి వచ్చినాయన. సన్నటి మనిషి, ఇంతేసి గొంతు. ఆ పద్యాన్ని రెండుసార్లు గొంతెత్తి చదివి, అర్థం మీరే తేల్చుకోండని అర్ధసంవత్సర పరీక్షలో ఇచ్చేశాడు. పద్యంలోని ఇద్దరి మధ్య సంబంధం ఏ స్థితిలో ఉందో విశ్లేషించమన్నాడు.

పద్యంలో ఉన్నది పెద్దగా ఏమీ లేదు. కోత అయిపోయిన చేలో ఒక మగవాడూ ఒక ఆడమనిషీ నిలబడి ఉంటారు. చలి. అతను ఏదో అడుగుతాడు. ఆమె నేల చూస్తూ జవాబివ్వదు. కాకులు వచ్చి వాలి, లేచి పోతాయి. అతను ఒక్కడే ఇంటికి పోతాడు. అంతే.

ప్రశ్న చూడగానే నాకు నవ్వొచ్చింది, ఇంత సులువా అని. రెండు పేజీలు నింపి పారేశాను. పిల్ల తల వంచుకుంది, నోరు విప్పలేదు, కాబట్టి ఒప్పుకున్నట్టే. మంచి ఇంటి పిల్ల కనుక సిగ్గుపడింది. పోయిన పెద్దలు కాకుల రూపంలో వచ్చి దీవించి పోయారు. పెళ్లికి ముందే కలిసి నడిస్తే నలుగురూ నవ్వుతారని అతను ఒక్కడే ఇంటికి బయలుదేరాడు. ఇక ముహూర్తం పెట్టుకోవడమే మిగిలింది. ఇదీ నా విశ్లేషణ.

అలా రాయడానికి నా కారణం నాకుంది. బేరిగైలో మా మేనమామ కూతురు ఉంది. ఆ పిల్ల పుట్టినప్పుడే మా అమ్మ నాకోసం అడిగిపెట్టింది. అంతకుముందు ఉగాదికి రెండిళ్ల పెద్దలూ కూర్చుని వక్కాకు మార్చుకున్నారు, అంటే సంబంధం ఖాయం. అప్పుడు పెద్దాయన ఒకరు నీకు సమ్మతమేనా అని ఆ పిల్లను అడిగారు. పిల్ల తల వంచుకుని నేల చూసింది, మాట్లాడలేదు. ఇంకేం, అయినట్టేనని అందరూ నవ్వారు. స్తంభం పక్కన నిలబడి నేనూ నవ్వాను. నాకా పిల్లంటే ప్రాణం. చిన్నప్పుడు నా జుట్టు పట్టుకుని లాగి, నా వాటా మామిడికాయ కూడా తినేసి, నాకే ఎదురుతిరిగి అరిచిన పిల్ల.

లెక్చరర్ నా జవాబును క్లాసంతా వినేలా చదివాడు. కాకుల దగ్గరికొచ్చేసరికి బెంచీలు చరిచి నవ్వారు. ఇక్కడ ప్రేమ చచ్చిపోయిందయ్యా, పెళ్లెక్కడిది అన్నాడాయన. నాకు చెవులు కాలిపోయాయి. ఊరుకుంటానా, లేచి వాదన పెట్టుకున్నాను. ఆడపిల్ల సిగ్గుతో మాట్లాడకపోతే ప్రేమ చచ్చిందని మీరెలా అంటారు అన్నాను. ఆయన కోప్పడలేదు. ఇష్టమున్న పిల్ల ఎంత సిగ్గుపడినా ఒక్కసారన్నా తలెత్తి చూస్తుందయ్యా అని తమిళంలో చెప్పి ఇంకొకడి కాగితం తీసుకున్నాడు.

ఆ మాట ముల్లులా దిగింది. ఉగాది నాడు ఆ పిల్ల ఒక్కసారన్నా తలెత్తిందా? గుర్తు చేసుకున్నకొద్దీ లేదనే అనిపించింది. ఆ తర్వాత నేను రెండుసార్లు బేరిగై పోతే లోపలి గది దాటి రాలేదు. అప్పుడు సిగ్గనుకుని మురిసిపోయాను, ఇప్పుడు అనుమానం పుట్టింది. అన్నం సహించలేదు. పుస్తకం తెరిస్తే ఆ చేను, ఆ చలి. గదిలో ఉండలేక కృష్ణగిరి కొండ కిందినుంచి బస్టాండు దాకా, మళ్ళీ బస్టాండు నుంచి కొండ దాకా తిరిగేవాణ్ణి. నాలుగో రోజు పొద్దున ఏదైతే అదయిందని హోసూరు బస్సెక్కాను. అక్కడ సైకిల్ బాడుగకు తీసుకుని బేరిగైకి తొక్కాను.

మామా అత్తా చేనికి పోయారు. ఆ పిల్ల వాకిట్లో ఎండలో కూర్చుని నానిన అనపగింజలు పితికి తొక్క తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది. ఒక మాట అడిగి పోతానని సైకిల్ పట్టుకునే నిలబడ్డాను.

"ఆ దినం పెద్దోళ్ళు అడిగినప్పుడు ఎందుకు గమ్మునున్నావు?"

నాలుగైదు గింజలు పితికింది. తర్వాత తలెత్తింది.

"అవునంటే అబద్ధం. కాదంటే మా నాయన తోలు తీస్తాడు. ఇంకేం చెప్పేది బావా?"

నేనేం తప్పు చేశానని అడిగాను. ఏమీ లేదంది. చిన్నప్పటినుంచి నన్ను అన్న అనుకునే పెరిగిందట, ఇప్పుడు మొగుడనుకోమంటే తనకు చేతకావడం లేదట. మేనబావను అన్న అనడం మా వైపు వినకూడని మాట, పెద్దలు వింటే పళ్లు రాలగొడతారు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందో తెలియక సైకిల్ చక్రాన్ని తన్నాను. ఆమె బెదరలేదు.

"నువ్వే వద్దని చెప్పు బావా. మగోనివి, నిన్నెవురూ కొట్టరు. నా మాట మాత్రం ఎత్తద్దు."

సరేనన్నాను. మాటిచ్చి అక్కడినుంచి నేరుగా మా ఊరికే తొక్కాను. ఆగితే మనసు మారిపోతుందని భయం. నాకు కావలసిన పిల్లను నా నోటితోనే వద్దనాలి. ఆ ఒక్కదాని కోసం దారంతా నన్ను నేను తరుముకున్నాను తప్ప, అమ్మ అడిగితే ఏ కారణం చెప్పాలో ఆలోచించుకోలేదు.

అమ్మ చాటలో రాగులు చెరుగుతోంది. సైకిల్ దిగీ దిగకముందే నాకా పిల్ల వద్దన్నాను. తమాషాకు అంటున్నానేమోనని ముందు నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపింది. దానికేం తక్కువ అని అడిగింది. మళ్ళీ అడిగింది. ఏదో ఒకటి చెప్పకపోతే కదలనివ్వదు. నోటికి దొరికింది అనేశాను.

"నల్లగా ఉందమ్మా."

అమ్మ చాట కింద పెట్టింది.

"అది నా మాదిరి ఉందనే గదప్పా, పురిటింట్లోనే మాయన్నను అడిగి పెట్టుకొనింది."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే పొద్దు గూకేలోపల అది బేరిగై చేరుతుంది, మామ చేతికి కట్టె అందుతుంది.  అమ్మ తన రెండు చేతులూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ కారణం అబద్ధమని అమ్మ కన్నుమూసేదాకా చెప్పలేకపోయాను.