కట్టిన మనిషి ఊఁ అనాలి

పెట్రోలు వాసనా, ఎండుగడ్డి వాసనా కలిసి ముక్కుకు తగిలితే నా చేతులు ఇప్పటికీ ఊరుకోవు. మొన్న పొద్దున్న రాయగడలో మా గుమ్మం ముందు అదే వాసన. పక్కింటి అన్నాచెల్లెళ్ళు టికిరి వైపు కొండల్లో తిరగడానికి రెండు పొడుగాటి మోటారు సైకిళ్ళను చిన్న ట్రక్కులోకి ఎక్కించి, మధ్యలో గడ్డి కుక్కుతున్నారు. తీరా చూస్తే రెంటినీ స్టాండు మీద నిలబెట్టారు! ఇంక కూర్చోలేకపోయాను. "స్టాండు తీసీయండర్రా!" అంటూ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళాను. ఆ మాట నాది కాదు, డాక్టరు రాజ్యలక్ష్మి గారిది.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో మా చుట్టుపక్కల మోటారు సైకిలు నడిపిన ఆడమనిషి నాకు తెలిసి ఆవిడొక్కతే. ఆవిడది తాతల నాటి నుంచీ జమీందారీ కచేరీలో ఉద్యోగాలు చేసిన కుటుంబం. కుచ్చెళ్ళు ఎగదోపుకుని కిక్కు కొట్టారంటే వీధి వీధంతా తొంగిచూసేది. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉండేది. నేను గుణుపురం దగ్గర రైతుల పిల్లని, ఆస్పత్రిలో కొత్తగా చేరిన ఆయాని. కొండ ఊళ్ళకి కాలిబాటలే తప్ప రోడ్లుండేవి కావు. పెట్టెలో మంచు కరిగిపోయేలోగా మశూచి టీకా మందు అక్కడికి చేరాలంటే మోటారు సైకిళ్ళే దిక్కు. డాక్టరు గారిదొకటి, కాంపౌండరుదొకటి. రోడ్డు ఉన్నంతమేరా వాటిని ఆస్పత్రి చిన్న లారీలో తీసుకెళ్ళాలి.

మొదటిసారి వాటిని స్టాండు మీద నిలబెట్టి, గేదెను గుంజకు కట్టినట్టు చెరో తాడుతో కట్టి బయల్దేరదీశారు. కొండ ఎక్కే ఘాటీ రోడ్డులో మొదటి మలుపులోనే ఒకదాని మీద ఒకటి పడ్డాయి. హాండిలు వంగిపోయింది, పెట్రోలు కారిపోయింది, లారీ వెనక్కి వచ్చేసింది. మేం చేరాల్సిన కొండ ఊళ్ళో టీకా అందక ఒక పసిపిల్ల పోయిందని తరవాత కబురొచ్చింది. సాయంత్రం డాక్టరు గారు నన్ను పిలిచారు.

"అమ్మీ, మీ ఊళ్ళో గడ్డిబండి ఎవరు కడతారే?"

"మాయమ్మా, నానూనండి."

"దారిలో జారిపోదూ?"

"కొంత దూరం పోయేక గడ్డి కుంగి తాడు వదులైపోద్దండి. బండాపి మళ్ళీ బిగిత్తాం."

"అయితే ఇవీ నువ్వే కట్టు. నేనూ వస్తాను, పద."

నేను అలవాటు కొద్దీ సీటు మీంచి తాడు వేసి, కర్రతో మెలితిప్పి బిగించాను. ఆవిడ లారీ ఎక్కి హాండిలు పట్టుకుని ఊపితే బండి ఊగిపోయింది. డ్రైవరు అప్పన్న పకపకా నవ్వాడు. "ఏటమ్మీ, గడ్డిమోపనుకున్నావేటి?" అన్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ముందు చక్రం దగ్గరి స్ప్రింగులు నాకు చూపించారు. "స్టాండు తీసెయ్యి. అది తన చక్రాల మీదే నిలబడాలి. ఈ స్ప్రింగులు కుంగేదాకా కిందికి లాగు" అన్నారు. ముందు చక్రాన్ని కేబిన్ గోడకి ఆనించాం. హాండిలుకి రెండు పక్కలా తాళ్ళు వేసి, లారీ మూలలకి దించి నేను మెలితిప్పుతుంటే స్ప్రింగులు కుంగాయో లేదో ఆవిడ చూశారు. వెనక చక్రం కూడా కదలకుండా కట్టి, మధ్య గడ్డి కుక్కి, పెట్రోలు కుళాయి కట్టేశాం. ఆవిడ మళ్ళీ ఊపారు. ఈసారి లారీయే ఊగింది. అప్పుడు నవ్వారు.

కొన్నాళ్ళకి బిస్సమ్ కటక్ అవతల కొండ ఊళ్ళో మళ్ళీ మశూచి పుట్టింది. పై ఆఫీసరొకాయన జీపులో వచ్చి ఒకటే తొందర. నేనింకా ఆఖరి తాడు బిగిస్తున్నాను.

"ఇంకా దేనికోసమండీ?" అన్నాడాయన.

"కట్టిన మనిషి ఊఁ అనాలి" అన్నారు డాక్టరు గారు.

"ఆయా చెప్తేగాని లారీ కదలదా?"

"కదలదు. కట్టింది ఆవిడ."

నన్ను అంతవరకు ఎవరూ 'ఆవిడ' అనలేదు. డాక్టరు గారు నా వైపు తిరిగి, "పోదామా?" అని అడిగారు. ఆఖరి ముడి ఇంకోసారి లాగి చూశాను. ఊఁ అన్నాను.

ఘాటీ ఎక్కకముందే కేబిన్ మీద చరిచి లారీ ఆపించాను. వెనక జీపు హారన్ మోగుతూనే ఉంది. తడిమి చూస్తే ఒక తాడు నిజంగానే వదులైంది. బిగించి మళ్ళీ ఊఁ అన్నాను. రోడ్డు అయిపోయినచోట రెండు బళ్ళూ చెక్కుచెదరకుండా దిగాయి. ఆవిడ కిక్కు కొట్టారు, నేను టీకా పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. మంచు కరగకముందే ఊరు చేరాం. టీకా వేసిన ఆ పిల్లల్లో ఒక్కరూ పోలేదు. అందుకు నాకు గర్వమే, దాచుకోను.

నన్ను నర్సు చదువుకి పంపింది కూడా ఆవిడే. తరవాత ఎన్నో ఏళ్ళు వార్డులు నడిపాను. పని చేసినవాళ్ళను పక్కకి నెట్టి వాళ్ళ తరఫున నేనెప్పుడూ మాట్లాడలేదు.

మొన్న నేను దగ్గరుండి చెబుతుంటే తాళ్ళన్నీ ఆ చెల్లెలే బిగించింది. అరచేతులు కందిపోయినా వదల్లేదు. అన్న వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుని, నా వైపు తల బయటికి పెట్టి, "పోవచ్చా మామ్మా?" అన్నాడు.

"నన్నడుగుతావేటి?" అన్నాను. "కట్టింది ఆవిడ."