డబ్బాలో గాలి

ఏ.ఎస్. రావు నగర్‌లో అక్క ఉంటున్న ఫ్లాటులో కుళాయి నీళ్లు ఓసారి దూకుతూ, ఓసారి నీరసంగా జారుతూ వారం రోజులుగా విసిగిస్తుంటే, మొన్న నేనే వెళ్లి మెకానిక్కును పిలిపించాను. అతను ప్రెషర్ పంపు పక్కనున్న ఎర్ర డబ్బాను వేలి కణుపుతో తట్టి, సైకిల్ ట్యూబుకుండేలాంటి పిన్ను నొక్కాడు. గాలి రావలసిన చోట నీళ్లు చిమ్మాయి. లోపలి రబ్బరు సంచి చినిగిందనీ, డబ్బాలో గాలి లేకపోతే మీటరు ముల్లు నిలవదనీ చెప్పాడు. ఆ మాట నేను చాలా ఏళ్ల కిందటే విన్నాను.

స్నానానికి కట్టెలపొయ్యి మీద నీళ్లు కాచుకున్న మన ఈడువాళ్లకు, బాయిలరున్న లాడ్జి అంటే ఎంత గొప్పగా ఉండేదో గుర్తుండే ఉంటుంది. తిరుమలగిరిలో అలాంటి ఒకదానిలో అక్క భర్త, అంటే మా బావ, బాయిలరు చూసేవాడు. చదివింది నాలుగో తరగతే. లాడ్జి యజమాని సేటును బతిమాలి నాకక్కడ సూపర్‌వైజరు పని ఇప్పించింది ఆయనే; మా బామ్మర్దికి సర్టిఫికెట్టు ఉందని కనబడ్డవాళ్లకల్లా చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఒక చలికాలం బాయిలరు ముల్లు కుదురు తప్పింది. మంట పెట్టగానే ఎర్రగీత దాటేది, చల్లారితే సున్నాకు పడిపోయేది. వేడికి పొంగే నీళ్లకు చోటివ్వడానికి పక్కనే ఒక గాలి డబ్బా ఉండేది. బావ దాన్ని తట్టి చూసి నాతో అన్నాడు.

"డబ్బల గాలి పోయిందిరా. జెర పిన్ను ఒత్తి చూడు."

పుస్తకాలు చదివిన నాకు ఆయన చెప్పడమేమిటని పొగరు. సేటు కారణం రాసిమ్మంటే, పనివాడు అజాగ్రత్తగా నీళ్లు ఎక్కువ నింపుతున్నాడని రాసిచ్చాను. మందలించి వదిలేస్తాడనుకున్నాను గాని, ఆ సాయంత్రమే బావను పనిలోంచి తీసేశాడు.

ఆయన వెళ్లాక కూడా ముల్లు అలాగే ఆడింది. నాలుగోరోజు ఎవరూ లేనప్పుడు పిన్ను నొక్కితే నా అరచేయి తడిసింది. కొత్త డబ్బా బిగించాను, ముల్లు కుదురుకుంది, సేటు నా భుజం తట్టాడు. ఆ కాగితం తప్పని ఒక్కమాట చెబితే బావ తిరిగి వచ్చేవాడు. నా కుర్చీ ఎక్కడ పోతుందోనని నోరు మూసుకున్నాను. ఆయనకు మళ్లీ ఎవరూ బాయిలరు అప్పగించలేదు. బోయిగూడ టింబరు డిపోలో కాపలా కాస్తూనే పోయాడు. రాసింది నేనని ఆయనకు తెలుసు, అక్కకు మాత్రం చెప్పలేదు. రాఖీ పున్నమికి అక్క ఏటా ఒక్కతే వచ్చి కట్టి వెళ్లేది.

కాలం మారిందంటే ఇదే కాబోలు. ఇప్పుడు ముల్లు ఆడితే ముందు డబ్బాను అనుమానిస్తున్నారు, మనిషిని కాదు. అరగంటలో సంచి మార్చేసిన మెకానిక్కుకు అక్క చాయ్ అందించింది.

"మా ఆయన సుత గిదే చెప్పేటోడు బిడ్డా, డబ్బల గాలి లేదని. ఎవ్వరు ఇనలే. పని రాదని తీసేసిన్రు."

చెప్పడానికి అంతకంటే మంచి అదను నాకిక దొరకదు. నేను కుళాయి తిప్పి, ధార ఇప్పుడు సమంగా వస్తోందని అన్నాను.