చిక్కుడుకు పట్టిన పేనుబంక

షేర్ ఆటో నడిపే ఎల్లేశ్ బీడీ మాని ఇరవై రోజులైంది. చేతులకు పని ఉండాలని, మొక్కలు పెంచమని డాక్టరమ్మ చెప్పింది. ఇబ్రహీంపట్నంలోని తన డాబా మీద పాత పెయింటు డబ్బాలో చిక్కుడు వేశాడు. నీళ్లు పోస్తూనే బొటనవేలూ చూపుడువేలూ కలిపి పెదవుల దాకా తెస్తాడు. ఖాళీ అని తెలిసి తీగను కసురుతాడు.

ఇవాళ ఆకుల కింద నల్లగా పేనుబంక కనిపించింది. పక్కింటి యాదలక్ష్మి పిట్టగోడ మీంచి చూసింది. "పొగాకు నానబెట్టి ఆ నీళ్లు కొట్టు తమ్మీ. మా బాపు గట్లనే కొడుతుండె."

"సస్తే సావనీ అక్కా. పొగాకు మా ఇంట్లకు రావద్దు" అని ఎల్లేశ్ డబ్బాను కాలితో నెట్టాడు. మళ్లీ తనే దగ్గరికి లాక్కున్నాడు. ఒక్కో ఆకూ తిప్పి, తిట్టుకుంటూ, బీడీ పట్టిన ఆ రెండు వేళ్లతోనే పురుగుల్ని నలపసాగాడు.